చమురు మీద ఆధారపడొద్దంట! మరి చెమట సంగతేంది?

సౌదీ అరేబియా తన ఆర్థిక వ్యవస్థను మార్చుకుంటానంటే మన వాడకు ఏం పట్టింది అని కొందరు అడుగుతారు. ఢిల్లీలో బడ్జెట్ పెడితేనే మనల్ని లెక్కలో వేయరు, రియాద్‌లో వేసే ప్లాను మనకెందుకు అని కూడా అంటారు. మేము మాత్రం ఇది మన సంగతే అంటున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో ఏ వాడకు పోయినా సౌదీ పోయిన మనిషి ఉన్నాడు, పోయి వచ్చిన మనిషి ఉన్నాడు, పెట్టెలో శవమై వచ్చిన మనిషి కూడా ఉన్నాడు. రియాద్‌లో ఒక కాయితం మీద సంతకం పడితే కొన్ని నెలల్లోనే ఆ దెబ్బ ఇక్కడి కిరాణా దుకాణం ఖాతా పుస్తకంలో కనబడుతుంది. కాబట్టి ఆ కాయితంలో ఏముందో మనం చదువుకోవాలె.

ఆర్థిక వైవిధ్యం అనేది పెద్దోళ్ల మాట. దాని అర్థం మాత్రం రైతుకూలీకి బాగా తెలుసు. ఉన్న రెండెకరాల్లో పత్తి ఒక్కటే వేసినోడు ధర ఉన్న ఏడు నవ్వుతాడు, ధర పడ్డ ఏడు అప్పులపాలవుతాడు. జొన్న, కంది, నాలుగు గొర్రెలు, పది కోళ్లు ఉన్న ఇల్లు ఒక్క దెబ్బకు కూలిపోదు. దేశానికైనా అంతే. ఒక్క చమురు అమ్ముకొని బతికే దేశం, చమురుతో పాటు ఇంకో నాలుగు ఆదరువులు చూసుకోవాలనుకోవడమే వైవిధ్యం. ఆ ఆలోచన తప్పని మేము అనడం లేదు. ఆ నాలుగు ఆదరువులను ఎవరి రెక్కల మీద నిలబెడుతున్నారు, ఫలం ఎవరింటికి పోతున్నది, ఖర్చు ఎవరి మీద పడుతున్నది అన్నదే మా ప్రశ్న.

కౌలు తినే దొర, చమురు తినే రాజ్యం

1938లో దమ్మాం దగ్గర ఏడో బావిలో చమురు పడింది. తవ్వింది అమెరికా కంపెనీ. 1973లో ధర నాలుగు రెట్లు అయ్యింది. 1980 నాటికి ఆరాంకో కంపెనీ మొత్తం సౌదీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి నుంచి డబ్బు వరదలా వచ్చి పడింది. రోడ్లు, విమానాశ్రయాలు, ఆస్పత్రులు, బంగళాలు లేచాయి. అవన్నీ కట్టింది యెమెన్, ఈజిప్టు, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కేరళ, తెలంగాణ కూలీలు.

ఇలాంటి రాజ్యం మన పాత దొర లాంటిది. దొరకు దుక్కి దున్నే పని లేదు, విత్తనం వేసే పని లేదు. భూమి మీద హక్కు ఉంది, కౌలు వస్తుంది. సౌదీ రాజ్యానికి నేల కింది చమురే కౌలు. జనం దగ్గర పన్ను తీసుకోవాల్సిన అవసరం లేనప్పుడు జనానికి జవాబు చెప్పాల్సిన అవసరమూ ఉండదు. తన పౌరులకు ఉద్యోగం, సబ్సిడీ పంచుతుంది. బదులుగా నోరు మూసుకోమంటుంది. అక్కడ రాజకీయ పార్టీ పెట్టరాదు, కార్మిక సంఘం పెట్టరాదు, సమ్మె చేయరాదు. పౌరుడికే ఈ గతి అయితే బయటినుంచి వచ్చిన కూలోడి గతి వేరే చెప్పాల్నా?

కానీ కౌలు ఎప్పుడూ ఒక్క తీరుగా రాదు. 1986లో పీపా చమురు ధర 10 డాలర్ల కిందికి పడింది. 1998లో మళ్లీ అక్కడికే వచ్చింది. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన ధర 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు జారింది. పడ్డ ప్రతిసారీ పాలకులకు భయం పట్టుకుంటుంది, వైవిధ్యం గుర్తుకొస్తుంది. ధర లేవగానే ఆ భయమూ పోతుంది, ఆ మాటా మరుగున పడుతుంది.

గోధుమ కథ

ఇది కొత్త ముచ్చటేం కాదు. 1970లో మొదలుపెట్టిన మొదటి పంచవర్ష ప్రణాళికలోనే చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవాలని రాసుకున్నారు. 1970లలోనే జుబైల్, యాన్బూ అని రెండు పారిశ్రామిక నగరాలు తలపెట్టారు, రసాయనాల కంపెనీ సాబిక్ పెట్టారు. అవి కొంత నిలిచాయి. కానీ అవి కూడా చమురు, గ్యాసు మీద బతికేవే.

వీటన్నిటికంటే మన రైతుకూలీలు తెలుసుకోవాల్సింది గోధుమ కథ. ఒక్క నది కూడా లేని ఎడారిలో గోధుమ పండిస్తామన్నారు. ప్రపంచ మార్కెట్టు ధరకు ఎన్నో రెట్లు ఇచ్చి ప్రభుత్వమే కొన్నది. భూమి ఉచితంగా ఇచ్చింది, మోటార్లకు, యంత్రాలకు అప్పులిచ్చింది. వేల ఏళ్ల కింద నేల పొరల్లో నిలిచిన నీళ్లను తోడారు. ఆ నీళ్లు మళ్లీ ఊరవు. 1980ల నడిమికల్లా దేశానికి సరిపోను పండించారు. 1992లో దిగుబడి 40 లక్షల టన్నులు దాటింది. ఎడారి దేశం పేరు గోధుమ ఎగుమతి చేసే పెద్ద దేశాల జాబితాలోకి ఎక్కింది. పత్రికలు అద్భుతం అన్నాయి.

ఆ అద్భుతం ఎవరికి దక్కింది? పెద్ద భూములు దక్కించుకున్న కంపెనీలకు, పలుకుబడి ఉన్న కుటుంబాలకు. పొలంలో పనిచేసినవాళ్లు విదేశీ కూలీలు. ఖర్చంతా చమురు డబ్బే. అంటే చమురు నుంచి బయటపడే పేరుతో చమురునే గోధుమ గింజలుగా మార్చి, నీళ్లను పాడు చేసుకున్నారు. చివరికి నేల కింద నీళ్లు అడుగంటుతున్నాయని 2008లో తెలుసుకొని కొనుగోలు ఏటేటా తగ్గిస్తామన్నారు. 2016కల్లా కొనడం మానేశారు. ఈలోపు గోధుమ తీసేసిన చోట పశువుల గడ్డి వేశారు, దానికి ఇంకా ఎక్కువ నీళ్లు పోశారు. చివరికి సౌదీ పాల కంపెనీ ఒకటి 2014లో అమెరికాలోని అరిజోనాలో భూమి కొని, అక్కడి నీళ్లతో గడ్డి పెంచి, ఓడల్లో తెప్పించుకునేదాకా పోయింది. ఒక చోట నీళ్లు తాగేసి ఇంకో చోటికి పోవడం పెట్టుబడికి అలవాటే.

పంట మార్చినంత మాత్రాన పద్ధతి మారదని ఈ కథ చెబుతున్నది. భూమి ఎవరిది, నీళ్లు ఎవరివి, కూలి ఎంత అన్నవి మారకపోతే ఎన్ని పంటలు వేసినా దొర దొరే, జీతగాడు జీతగాడే.

2030 కల

చమురు ధర కుప్పకూలిన తర్వాత, 2016 ఏప్రిల్ 25న రాకుమారుడు మహమ్మద్ బిన్ సల్మాన్ ‘విజన్ 2030’ అనే ప్రణాళిక ప్రకటించాడు. చమురు మీద ఆధారపడటం తగ్గించాలె, పరిశ్రమలు, గనులు, టూరిజం, క్రీడలు, సినిమా పెంచాలె, ఆడవాళ్లు పనిలోకి రావాలె, సౌదీ యువకులకు ప్రైవేటు ఉద్యోగాలు రావాలె అన్నది దాని సారం.

ఉన్నమాట చెప్పాలె. కొన్ని జరిగాయి. పనిలో ఉన్న లేదా పని వెతుకుతున్న ఆడవాళ్లు నూటికి 22 మంది ఉంటే 30కి తేవాలనుకున్నారు. ఆ గీత ముందే దాటారు. సౌదీ పౌరుల్లో నిరుద్యోగం 11.6 శాతం నుంచి 7కి తేవాలనుకున్నారు. 2024 చివరి మూడు నెలల లెక్కలో 7 శాతానికి వచ్చింది. 2018 జూన్‌లో ఆడవాళ్లకు కారు నడిపే హక్కు ఇచ్చారు. ఇవి చిన్నవి కావు. ఒక సౌదీ ఆడబిడ్డ తన జీతం తాను తెచ్చుకుంటే మేము సంతోషిస్తాం.

అయితే హక్కు ఇచ్చిన తీరు చూడండి. కారు నడపనీయాలని ఏళ్ల తరబడి కొట్లాడిన ఆడవాళ్లను, నిషేధం ఎత్తేయడానికి నెల ముందు, 2018 మేలో అరెస్టు చేశారు. లుజైన్ అల్ హత్‌లూల్‌ను దాదాపు మూడేళ్లు జైల్లో ఉంచారు. ఎందుకు? అది కొట్లాడి తెచ్చుకున్న హక్కు అని జనం అనుకోవద్దు, పైనుంచి పడేసిన దానం అనుకోవాలె. ఈ నీతి మనకు ఎరుకే. దొర తనంతట తాను పెడితే దయ, మనం అడిగితే తలపొగరు!

ఇక చమురేతర ఆదాయం అనే లెక్క. దేశ ఉత్పత్తిలో చమురుతో సంబంధం లేని రంగాల వాటా 2023లో సగానికి చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. వినడానికి బాగుంది. కానీ ఖజానా తలుపు తెరిచి చూడండి. 2024లో ప్రభుత్వానికి వచ్చిన ప్రతి వంద రియాల్‌లలో దాదాపు 60 చమురువే. కొత్త నగరాలు, స్టేడియాలు కడుతున్న ప్రభుత్వ పెట్టుబడి నిధికి, దాని కంపెనీలకు ఆరాంకోలో 16 శాతం వాటా రాసిచ్చారు. చమురు డబ్బుతో హోటల్ కట్టి, ఆ కట్టడం పనిని చమురేతర అభివృద్ధి అని రాసుకుంటే అది లెక్కల గారడీ. చమురు ధర పడితే ఆ హోటల్ పునాది కూడా కదులుతుంది.

ఆ నిధి డబ్బు మన దాకా కూడా వచ్చింది. 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 2.32 శాతం వాటా కోసం 11,367 కోట్ల రూపాయలు పెట్టింది. సౌదీ క్యాంపులో ఉన్న మనోడు ఇంటికి ఫోన్ చేస్తే ఇవతల ఎత్తుకునే సిమ్ములో కూడా ఆ నిధికి చిన్న వాటా ఉంది. పెట్టుబడికి వీసా అడిగేవాడు లేడు, అకామా అడిగేవాడు లేడు. కూలోడికే అన్ని కాయితాలు!

ఖర్చు ఎవరి మీద?

పన్ను లేని దేశం అని పేరున్న చోట 2018 జనవరిలో ప్రతి సరుకు మీద 5 శాతం పన్ను వేశారు. కరోనా కాలంలో, 2020 జూలైలో, దాన్ని ఒక్కసారే 15 శాతం చేశారు. రాకుమారుడు కొన్నా 15 శాతమే, రోడ్డు ఊడ్చేవాడు కొన్నా 15 శాతమే. 2017 జూలై నుంచి భార్యాపిల్లల్ని దగ్గర పెట్టుకున్న విదేశీయుడు మనిషికి నెలకు 100 రియాల్‌లు కట్టాలన్నారు. ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేశారు. చిన్న జీతం మీద సంసారం నడిపినవాళ్లు ఆలుబిడ్డల్ని ఇండ్లకు పంపేశారు. విదేశీ కూలీని పెట్టుకున్న యజమాని మీద కూడా నెలకు 700 నుంచి 800 రియాల్‌ల దాకా రుసుము పెంచారు. ఆ భారం యజమాని జేబులోనే ఆగుతుందా? అకామా రెన్యువల్ చేయకుండా వదిలేసిన కఫీల్‌ల సంగతి, దానితో ఖల్లివెల్లి అయిపోయిన మన పిల్లల సంగతి ప్రతి ఊరికీ తెలుసు.

కొత్త నగరం పేరు నియోం. 2017లో ప్రకటించినప్పుడు 500 బిలియన్ డాలర్ల పెట్టుబడి అన్నారు. అందులో 170 కిలోమీటర్ల పొడుగున గీత గీసినట్టు అద్దాల ఊరు కడతామన్నారు. 2024 నుంచి దాన్ని బాగా కుదిస్తున్నారన్న వార్తలు వస్తున్నాయి. అది ఖాళీ ఎడారి అని ప్రపంచానికి చెప్పారు. అక్కడ తబూక్ ప్రాంతంలో తరతరాలుగా హువైతాత్ తెగ ఉంటున్నది. నా ఇల్లు ఇడువను అని చెప్పిన అబ్దుల్ రహీమ్ అల్ హువైతీ 2020 ఏప్రిల్‌లో భద్రతా దళాల కాల్పుల్లో చనిపోయాడు. అతనే ముందు కాల్చాడని ప్రభుత్వం చెప్పింది. నన్ను ఇట్లాగే చంపుతారు అని అతను అంతకు ముందే వీడియోలో చెప్పి ఉన్నాడు. ప్రాజెక్టుల కింద, గనుల కింద, సెజ్‌ల కింద భూములు పోయిన మనవాళ్లకు హువైతాత్ తెగ వేరే దేశం మనుషులుగా కనబడరు.

కూలోడి వాటా

2022 జనగణన ప్రకారం సౌదీ జనాభా 3 కోట్ల 22 లక్షలు. అందులో 1 కోటి 34 లక్షల మంది విదేశీయులు. భారతీయులే 18 లక్షలకు పైగా. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లలో నలుగురిలో ముగ్గురైనా బయటివాళ్లే. అంటే ఆ దేశం చమురు మీద ఎంత ఆధారపడిందో, పేద దేశాల కూలీ మీద కూడా అంతే ఆధారపడింది. మొదటి ఆధారాన్ని తగ్గించుకోవాలని పుస్తకాలు రాస్తున్నారు. రెండో ఆధారం సంగతి వచ్చేసరికి మనిషి హక్కు మాట ఉండదు, తల లెక్క మాత్రమే ఉంటుంది.

చమురు ధర పడితే ముందు పడేది ఎవరో 2016లో చూశాం. ప్రభుత్వం కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది. జెడ్డాలో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు. క్యాంపుల్లో తిండి బంద్ అయ్యింది. వేలమంది భారతీయ కార్మికులు ఆకలితో ఉంటే మన కాన్సులేటు, అక్కడి భారతీయులు కలిసి బియ్యం, పప్పు పంచారు. దేశం చమురు నుంచి బయటపడతానని గొప్ప ప్రణాళిక ప్రకటించిన ఏడే ఇది జరిగింది.

2021 మార్చిలో కఫీల్ అనుమతి లేకుండానే పని మారవచ్చు, ఊరికి పోవచ్చు అని నిబంధనలు సడలించారు. మంచిదే. కానీ అప్పుడు ఇండ్లలో పనిచేసే ఆడవాళ్లను, ఇంటి డ్రైవర్లను, తోటపనివాళ్లను, పొలం పనివాళ్లను పక్కన పెట్టారు. ఎవరికి రక్షణ ఎక్కువ కావాలో వాళ్లే చట్టం బయట! ఒక్కటే పనికి తెల్లవాడికి ఒక జీతం, అరబ్బుకు ఒక జీతం, మనోడికి ఒక జీతం. పనివాళ్లనే మెట్లు మెట్లుగా పేర్చే ఈ పద్ధతిని గుర్తుపట్టడానికి మనం సౌదీ దాకా పోవాల్సిన పని లేదు. బాబాసాహెబ్ ఆ మెట్ల లెక్క మనకు ఎప్పుడో విప్పి చెప్పాడు.

వాళ్ల దేశం, వాళ్ల ఉద్యోగాలు

మనం పాటించాల్సిన న్యాయం కూడా ఒకటి ఉంది. 2011లో నితాఖత్ అని పెట్టి, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలన్నారు. 2013లో కాయితాలు సరిగా లేనివాళ్లు వేలకు వేలు తిరిగి వచ్చారు. 2016లో మొబైల్ దుకాణాలు మొత్తం సౌదీలకే అన్నారు. దీన్ని చూసి మన పత్రికలు గగ్గోలు పెట్టాయి. మేము ఆ గగ్గోలులో కలవం. మా ఉద్యోగాలు మాకే అని కొట్లాడిన గడ్డ మీద పుట్టి, సౌదీ పిల్లగాడు తన దేశంలో ఉద్యోగం అడిగితే తప్పు అనలేం.

తప్పు ఎక్కడుందంటే, నలభై ఏళ్లు పని చేయించుకొని, పోయేనాడు లెక్క తేల్చకపోవడంలో ఉంది. 1990లో గల్ఫ్ యుద్ధం వేళ, యెమెన్ తమ పక్షాన నిలవలేదని లక్షలాది యెమెన్ కార్మికుల్ని వెళ్లగొట్టారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనవాళ్లు బకాయిలు వదిలేసి విమానం ఎక్కారు. మీ పిల్లలకు ఉద్యోగం ఇచ్చుకోండి. మా మనిషి చేసిన పనికి కూలి, సర్వీసు డబ్బు, దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చి పంపండి. అడిగేది అంతే. సౌదీ నిరుద్యోగికీ మన కూలీకీ కొట్లాట పెట్టి నడిమిట్ల లాభం తీసుకునేవాడు కంపెనీ యజమాని. సౌదీకి ఎక్కువ జీతం ఇవ్వాల్సి వస్తుందని విదేశీని పెట్టుకుంటాడు, విదేశీకి హక్కు లేదు కాబట్టి తక్కువ ఇస్తాడు. విదేశీ కూలీకి హక్కులు వచ్చిననాడే సౌదీ యువకుడికీ నిజంగా పని దొరుకుతుంది.

మన ఊరి చమురు ఏది?

ఇక మన వైపు చూసుకుందాం. సౌదీకి చమురు ఎట్లనో మన పల్లెలకు గల్ఫ్ అట్లనే అయ్యింది. అదీ ఒంటిపంటే. 1970ల చివరి నుంచి ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి పోతూనే ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోతున్నారు. భూమి ఉన్నోడికి గల్ఫ్ డబ్బు ఇంకో ఎకరం, ఇంకో అంతస్తు. భూమి లేనోడికి అది మిత్తి కట్టడానికే సగం పోతుంది. నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఏజెంటుకు పోస్తాడు. ఏజెంటు 30,000 రూపాయలకు మించి సేవా రుసుము తీసుకోరాదని చట్టం చెబుతుంది. ఊళ్లో లక్షకు తక్కువ మాట వినబడదు. ఇంట్లో ఆమె బీడీలు చుట్టి పిల్లల్ని సాకుతుంది.

ఈ ఒంటిపంట నుంచి బయటపడేసే ప్రణాళిక మన ప్రభుత్వాల దగ్గర ఉందా? 2014లో తెలంగాణలో దళిత కుటుంబానికి మూడెకరాలు అన్నారు. ఎక్కువ కుటుంబాలకు ఆ భూమి అందనే లేదు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ పోయేవాళ్ల కనీస వేతనాన్ని తానే తగ్గించింది. సౌదీకి 324 డాలర్లు, కొన్ని దేశాలకు 200 డాలర్లు చేసింది. అమ్మేవాడే తన సరుకు ధర తగ్గించిన వింత ఇది. సరుకు ఎవరు? మన మనిషి! గల్ఫ్ కార్మిక సంఘాలు కొట్లాడి హైకోర్టుకు పోయిన తర్వాత 2021 జూలైలో ఆ ఉత్తర్వు వాపసు తీసుకున్నారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదీ ఏళ్ల కొట్లాట ఫలమే. కానీ చచ్చినంక ఇచ్చే డబ్బు, బతుకుదెరువు ప్రణాళిక ఒకటి కావు.

కాబట్టి మన సంఘాలు చేయాల్సిన పని ఉంది. ప్రతి ఊరిలో గల్ఫ్ పోయినవాళ్ల పేరు, కంపెనీ, ఏజెంటు, అప్పు రాసిన పుస్తకం ఒకటి పెట్టాలె. పోయేవాడికి బీమా కాయితం ఉందా చూడాలె. 275 రూపాయలు కడితే రెండేళ్లకు 10 లక్షల ప్రమాద బీమా ఉంది. సహజ మరణం అని రాస్తే అది వర్తించదు కాబట్టి, ఎండలో పనిచేసి గుండె ఆగిన చావులను కూడా అందులో చేర్చాలని అడగాలె. వాపసు వచ్చినోడి బకాయి కూలి కోసం ప్రభుత్వమే అక్కడ కేసు వేయాలని పట్టుబట్టాలె. అన్నిటికంటే ముందు భూమి అడగాలె. కాళ్ల కింద ఎకరం ఉన్న మనిషి ఏజెంటు ముందు చేతులు కట్టుకోడు. పోతే ఇష్టంతో పోతాడు, నచ్చకపోతే వాపసు వస్తాడు.

సౌదీలో 2030లో ఎక్స్‌పో ఉంది, 2034లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఉంది. దానికి 15 స్టేడియాలు కావాలె, అందులో 11 కొత్తగా కట్టాల్సినవి. అంటే మళ్లీ మన ఊళ్లకు ఏజెంట్లు వస్తారు, మళ్లీ వీసాలు అమ్ముతారు. వాళ్ల కొత్త ఆర్థిక వ్యవస్థకు ఇటుకలు మోసేది మళ్లీ మనమే. ఈసారి మోసే ముందు కూలి ఎంత, హక్కు ఏంది, వాపసు తొవ్వ ఏంది అని అడిగి మోద్దాం. ఒక్కడు అడిగితే వీసా క్యాన్సిల్ అంటారు. ఊరు ఊరంతా, జిల్లా జిల్లా అంతా కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.